వంటింటి గీత మార్చింది!

గట్టు మీద పొయ్యి, ఆ పక్కనే సింకు, కింద సొరుగులు, పైన అల్మారాలు... ఇప్పుడు ఏ అపార్ట్‌మెంటులో చూసినా వంటగది దాదాపు ఇలాగే ఉంటుంది. ఈ అమరిక ఎక్కడ పుట్టిందో వెతుక్కుంటూ వెళ్తే ఆస్ట్రియా రాజధాని వియన్నాలో బయల్దేరి, జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ చేరుకోవాలి. అక్కణ్నుంచి రష్యా, టర్కీ, చివరికి నాజీల జైలు దాకా వెళ్లాలి. ఎందుకంటే, ఆ వంటగదిని గీసిన మార్గరెటె షూటె లిహోట్స్కీ జీవితం ఒక్క వంటింట్లో సర్దుకునేది కాదు!

వియన్నా నడిబొడ్డు చుట్టూ వడ్డాణంలా ఓ పెద్ద రోడ్డు ఉంటుంది. పేరు రింగ్‌స్ట్రాసె. 19వ శతాబ్దంలో పాత కోటగోడలు కూల్చేసి, ఆ జాగాలో వేశారు దాన్ని. ఒపేరా హౌస్, పార్లమెంటు, యూనివర్సిటీ, మ్యూజియాలు... ఊరి వైభవమంతా ఆ రోడ్డు పొడవునా బారులు తీరి కనిపిస్తుంది. తూర్పున ఉన్న భాగాన్ని స్టూబెన్‌రింగ్ అంటారు. అక్కడ ఎర్ర ఇటుకలతో కట్టిన పాతకాలపు భవనం ఒకటుంది. అదే ‘మాక్’ మ్యూజియం. కుర్చీలు, తివాచీలు, గాజు సామాన్లు... ఇలా రోజూ వాడుకునే వస్తువుల్లోని కళను చూపించే చోటది. 1871 నుంచీ ఉందా భవనం. ప్రపంచ ప్రసిద్ధ చిత్రకారుడు గుస్తావ్ క్లిమ్ట్ గీసిన నమూనాలు కూడా అక్కడున్నాయి.

ఆ మ్యూజియం భద్రంగా దాచుకున్న వాటిలో ఓ చిన్న వంటగది కూడా ఉంది. రాజులదో జమీందార్లదో కాదు... ఫ్రాంక్‌ఫర్ట్‌లో మామూలు ఉద్యోగులు, కార్మికులు అద్దెకుండే ఇళ్లలోది. 1990 ప్రాంతంలో లిహోట్స్కీ సలహాలతోనే దాన్ని మళ్లీ అచ్చంగా అలాగే తయారుచేయించారు. అప్పటికి ఆమె వయసు తొంభై దాటింది!

ఆ మ్యూజియానికి ఆనుకుని ఉన్నదే అప్పట్లో ఆమె చదువుకున్న కళాశాల. ఇప్పుడది అనువర్తిత కళల విశ్వవిద్యాలయం. చదువుకీ, ఆ చదువుతో సాధించిన పేరుకీ మధ్య దూరం అక్కడ నాలుగడుగులే. కానీ ఆ నాలుగడుగులు వేయడానికి ఆమె చుట్టి వచ్చిన దారి చాలా పెద్దది.

క్లిమ్ట్ సిఫారసు... టీచరు సవాలు

లిహోట్స్కీ 1897 జనవరి 23న వియన్నాలోని మార్గరెటెన్ అనే పేటలో పుట్టింది. తండ్రి ప్రభుత్వోద్యోగి. అమ్మాయికి బొమ్మలు గీయడమంటే ఇష్టం. వియన్నా కళాశాలలో సీటు కోసం తల్లి తన స్నేహితుల్ని బతిమాలితే, వాళ్లు వెళ్లి క్లిమ్ట్ దగ్గర సిఫారసు ఉత్తరం రాయించుకొచ్చారు. అలా 1915లో కాలేజీలో చేరింది.

చేరడం వరకూ బాగానే ఉంది. కానీ ఆమె ఆర్కిటెక్చర్ చదువుతానంది! ఆ రోజుల్లో అది ఆడపిల్లల చదువు కాదు. ఓ ఆడపిల్ల చేత ఇల్లు కట్టించుకునేవాళ్లు ఉంటారని ఎవరూ అనుకోలేదు. నిజానికి తాను కూడా అనుకోలేదని పెద్దయ్యాక ఆమే చెప్పింది. అయినా పట్టు విడవలేదు.

1917లో కార్మికుల ఇళ్ల మీద ఓ పోటీ పెట్టారు. తానూ పాల్గొంటానని వెళ్తే ఆమె గురువు ఓస్కర్ స్ట్రనాడ్ ఒకే ఒక్క మాట చెప్పాడు. ముందు ఆ పేటలకు వెళ్లి కార్మికులు ఎలా బతుకుతున్నారో కళ్లారా చూసి, ఆ తర్వాత పెన్సిల్ పట్టుకోమన్నాడు.

వెళ్లింది. రింగ్‌స్ట్రాసె దీపాల వెలుగు చేరని వియన్నా అది. ఒక్కో గదిలో ఎనిమిది తొమ్మిది మంది. మంచినీళ్ల కుళాయి బయట వరండాలో... అంతస్తు మొత్తానికి ఒకటే. మరుగుదొడ్డి కూడా ఉమ్మడిదే. కొన్ని ఇళ్లలోనైతే మంచాన్ని గంటల లెక్కన అద్దెకిచ్చేవారు. రాత్రి డ్యూటీ చేసొచ్చినవాడు పగలు పడుకుంటే, పగటి డ్యూటీవాడు అదే మంచం మీద రాత్రి పడుకోవాలి. ఇక వంట, స్నానం, బట్టలుతుకు, పిల్లల చదువు... అన్నీ బొగ్గు పొయ్యి రాజేసిన ఆ ఒక్క గదిలోనే.

ఆ పోటీలో ఆమెకు బహుమతి వచ్చింది. అంతకన్నా ముఖ్యంగా, జీవితమంతా ఎవరి కోసం గీయాలో తెలిసొచ్చింది.

ఇల్లు లేని ఊళ్లో...

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసేసరికి ఆస్ట్రియా సామ్రాజ్యం ముక్కలైంది. వియన్నాలో తిండి లేదు, బొగ్గు లేదు, ఇళ్లు అసలే లేవు. జనం ఊరి పొలిమేరల్లోకి వెళ్లి ఖాళీ జాగాల్లో గుడిసెలు వేసుకుని, కూరగాయలు పండించుకుంటూ బతకడం మొదలుపెట్టారు. మున్సిపాలిటీ వాళ్లను వెళ్లగొట్టలేదు సరికదా, సాయానికి ఇంజినీర్లను పంపింది. ఆధునిక నిర్మాణ కళకు ఆద్యుల్లో ఒకడైన అడాల్ఫ్ లోస్ ఆ పని చూసేవాడు. 1920ల మొదట్లో లిహోట్స్కీ ఆయనతో కలిసి పనిచేసింది. తక్కువ డబ్బుతో, మనుషులు తమ చేతులతో తామే కట్టుకోగలిగే ఇళ్లు గీసేది. అందులో వంటింటి మూలని ఎలా అమర్చాలన్నది ఆమెకు మొదట్నుంచీ ఇష్టమైన లెక్క.

ఆ కాలంలోనే ఓ పెద్ద దెబ్బ తగిలింది. తల్లీ తండ్రీ ఇద్దర్నీ క్షయ మింగేసింది. అదే జబ్బు ఆమెకీ సోకింది. శానిటోరియంలో నెలల తరబడి ఉండి బయటపడింది. గాలీ వెలుతురూ లేని ఇల్లు మనిషినేం చేస్తుందో ఆమెకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేకపోయింది.

ఫ్రాంక్‌ఫర్ట్ పిలిచింది

హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లే మనవాళ్లలో చాలామందికి ఫ్రాంక్‌ఫర్ట్ అంటే విమానం మారే ఊరు. ఎయిర్‌పోర్టు దాటి బయటికొస్తే బ్యాంకుల ఆకాశహర్మ్యాలు, మైన్ నది, పాత చర్చిలు. అవన్నీ దాటుకుని యు-1 రైలెక్కి ఉత్తరం వైపు వెళ్తే రోమర్‌స్టాట్ అనే స్టేషన్ వస్తుంది. ఒకప్పుడు అక్కడ రోమన్ల పట్టణం ఉండేది. అందుకే ఆ పేరు. కానీ అక్కడ చూడాల్సింది రోమన్ల నాటి రాళ్లు కాదు... దాదాపు వందేళ్ల కిందటి ఓ కాలనీ.

నిడ్డా అనే చిన్న నది. దాని లోయ అంచున వంపు తిరిగిన వీధులు. వీధుల వెంట ఒకదానికొకటి ఆనుకుని తెల్లటి రెండంతస్తుల ఇళ్లు. ఆర్భాటమైన శిఖరాలు, పూలూ లతల చెక్కడాలు ఏమీ లేవు. చదునైన కప్పులు, వెలుతురొచ్చే కిటికీలు, ఇంటి వెనక చిన్న తోట. 1927, 28 సంవత్సరాల్లో సుమారు 1200 ఇళ్లతో కట్టారు. ఇంటింటికీ కరెంటు పొయ్యి పెట్టిన కాలనీ అంటే జర్మనీ అంతా అప్పుడు వింతగా చెప్పుకున్నారు. ఇప్పటికీ ఆ ఇళ్లలో జనం కాపురముంటున్నారు. బట్టలు ఆరేస్తారు, తోటలో మొక్కలకు నీళ్లు పోస్తారు.

ఆ కాలనీ వెనకున్న మనిషి ఎర్న్‌స్ట్ మే. 1925లో ఫ్రాంక్‌ఫర్ట్ నగర నిర్మాణ బాధ్యత ఆయనకిచ్చారు. యుద్ధం తర్వాత ఊళ్లో ఇళ్ల కొరత విపరీతం. అయిదేళ్లలో సుమారు 12 వేల ఇళ్లు కట్టించాడాయన. గోడల్ని ఫ్యాక్టరీలో పలకలుగా పోతపోయించి, క్రేన్లతో తెచ్చి నిలబెట్టించడం లాంటి ప్రయోగాలూ చేశాడు. వియన్నాలో లిహోట్స్కీ పని చూసి మెచ్చి, 1926లో తన ఆఫీసుకు పిలిపించుకున్నాడు. ఇళ్లు చిన్నవి, అద్దెలు తక్కువ ఉండాలి. మరి వంటగదికి ఎంత చోటివ్వాలి? ఆ లెక్క తేల్చమని 29 ఏళ్ల లిహోట్స్కీకి అప్పగించారు.

గడియారం పట్టుకుని...

అప్పటి దాకా చాలా ఇళ్లలో వంటగదిని ప్రత్యేకంగా ‘డిజైన్’ చేసేవాళ్లు కాదు. ఓ గదిలో పొయ్యి ఉంటుంది. ఓ మూల బల్ల, మరో మూల అల్మారా. నీళ్లు ఇంకెక్కడో. ఉన్నవాళ్ల ఇళ్లలో పనిమనుషులు తిరుగుతారు కాబట్టి యజమానురాలికి ఆ బాధ తెలియదు. లేనివాళ్ల ఇళ్లలో ఇల్లాలే తిరుగుతుంది. యుద్ధం తర్వాత ఫ్యాక్టరీలకీ ఆఫీసులకీ వెళ్లే ఆడవాళ్లు పెరిగారు. పొద్దంతా బయట పనిచేసొచ్చి, మళ్లీ ఇంట్లో మైళ్లకు మైళ్లు నడవాలన్నమాట!

అమెరికాలో అప్పటికే ఫ్యాక్టరీల్లో కార్మికుడు ఎన్నిసార్లు వంగుతున్నాడు, ఎన్ని అడుగులు వేస్తున్నాడు అని గడియారం పెట్టి లెక్కించే పద్ధతి వచ్చింది. క్రిస్టీన్ ఫ్రెడరిక్ అనే అమెరికన్ రచయిత్రి అదే లెక్కను ఇంటి పనికి అన్వయిస్తూ పుస్తకం రాసింది. 1920ల మొదట్లో అది జర్మన్‌లోకి వచ్చింది. లిహోట్స్కీ దాన్ని ఒంటబట్టించుకుంది. తానూ గడియారం పట్టుకుని ఒక్కో పనికి ఎంతసేపు పడుతోందో లెక్కలు వేసింది.

ఆమెకు దారి చూపిన రెండో వస్తువు... రైలు! దూరప్రాంతాల రైళ్లలో భోజనాల బోగీ ఉండేది. దాని పక్కన అగ్గిపెట్టెంత వంటగది. అందులో ఒకరిద్దరు నిలబడి బోగీడు జనానికి వండి వడ్డించేవారు. చెయ్యి చాపితే అన్నీ అందాలి... అదే రహస్యం.

ఇంతకీ అసలు విశేషమేంటంటే, లిహోట్స్కీకి వంట రాదు! ఆ వంటగది గీసేనాటికి తాను ఎప్పుడూ ఇల్లు నడపలేదనీ వంట చేయలేదనీ ఆమే ఒప్పుకుంది. ఆడది కాబట్టి వంటగది బాగా గీసిందని ఎవరైనా అంటే ఆమెకు చిర్రెత్తుకొచ్చేది. అది ఆడతనం కాదు, ఆర్కిటెక్టు పనితనం అనేది.

ఆరడుగుల వెడల్పు... ఎన్ని తెలివితేటలో!

రోమర్‌స్టాట్‌లోని ఓ ఇంటిని ‘ఎర్న్‌స్ట్ మే హౌస్’ పేరుతో ఇప్పుడు మ్యూజియంగా మార్చారు. రంగులూ సామాన్లూ అన్నీ ఆనాటి తీరుకు తెచ్చారు. అందులో వంటగదిని చూసినవాళ్లు మొదట అనే మాట ‘ఇంత చిన్నదా?’ అని.

ఆ వంటగది మూల నమూనా కొలతలు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు. అంటే ఆరడుగులు దాటి కాస్త, పదకొండు అడుగులు దాటి కాస్త. ఓ చివర తలుపు, ఎదురుగా కిటికీ. కిటికీ ముందే కూరగాయలు తరిగే బల్ల. పగటి వెలుతురు సూటిగా చేతుల మీద పడుతుంది. నిలబడక్కర్లేదు, గుండ్రంగా తిరిగే స్టూలు మీద కూర్చుని తరుక్కోవచ్చు. తరిగిన తొక్కల్ని బల్లకున్న సొరుగులోకి తోసేస్తే సరి. పనంతా అయ్యాక ఆ సొరుగు లాగి ఒకేసారి పారబోసుకోవచ్చు.

ఓ పక్క సింకు, గిన్నెలు బోర్లించే స్టాండు, అద్దాల అల్మారాలు. మరో పక్క పొయ్యి. దాని దగ్గరే పక్కకు జరిపే తలుపు. అది తెరిస్తే భోజనాల గది. వడ్డించడానికి నాలుగడుగులు చాలు. పొయ్యి దగ్గర నిలబడే అవతలి గదిలో ఆడుకునే పిల్లల్ని ఓ కంట కనిపెట్టుకోవచ్చు. ఇస్త్రీ బల్ల గోడకి మడిచిపెట్టి ఉంటుంది, కావాలంటే దించుకోవాలి. దీపం కూడా పైకప్పుకున్న పట్టీ మీద ఎటు కావాలంటే అటు జరుగుతుంది.

పప్పుదినుసుల సంగతి మరీ ముచ్చటైనది. పిండి, చక్కెర, బియ్యం... ఒక్కోదానికి ఒక్కో అల్యూమినియం సొరుగు. ముందు పిడి, పక్కన ముక్కు. సొరుగు లాగి అలాగే గిన్నెలోకి ఒంపుకోవడమే. ఏది ఎందులో ఉందో తెలిసేలా పేర్లు కూడా రాసి పెట్టారు. పిండికి మాత్రం ఓక్ చెక్క వాడింది. ఆ చెక్కలో పెడితే పురుగు పట్టదని. తరిగే బల్లకి బీచ్ చెక్క. మరకలు పడవు, కత్తిగాట్లకు తట్టుకుంటుంది. అల్మారా తలుపులకి నీలం రంగు. ఆ రంగు మీద ఈగలు వాలవని అప్పటి పరిశోధకులు చెప్పారట!

ఇంకో పెట్టె ఉంది. చుట్టూ వేడి బయటికి పోకుండా చేసిన పెట్టె. పొయ్యి మీద సగం ఉడికిన గిన్నెను దించి అందులో పెట్టి మూసేస్తే, మిగతా సగం తన వేడికి తానే ఉడుకుతుంది. పొద్దున్నే పెట్టి పనికెళ్లిపోయిన ఇల్లాలు సాయంత్రం వచ్చేసరికి వేడి భోజనం సిద్ధం. గ్యాసు ఖర్చూ ఆదా.

వీటన్నిటికన్నా కొత్త సంగతి... ఇది ఇంటితోపాటే వచ్చేది. అద్దెకు దిగేవాళ్లు అల్మారా కొనుక్కోనక్కర్లేదు, పొయ్యి మోసుకురానక్కర్లేదు. అన్నీ ఒకే కొలతతో ఫ్యాక్టరీలో తయారై వచ్చి గోడలకు బిగుసుకునేవి. అద్దెలో నెలకు ఒక మార్కు పెరిగిందంతే అని చెబుతారు. ఫ్రాంక్‌ఫర్ట్ ఇళ్లలో అలాంటివి దాదాపు పదివేలు బిగించారు. ఇవాళ హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కొత్త ఫ్లాటు కొన్నవాళ్లు వేయించుకునే ‘మోడ్యులర్ కిచెన్’కి ముత్తవ్వ ఇదే!

మెచ్చినవాళ్లూ... తిట్టినవాళ్లూ

పాత వంటగదిలో ఇల్లాలు ఎంత తిరుగుతుందో, కొత్తదాంట్లో ఎంత తగ్గిందో చూపిస్తూ అప్పట్లో సినిమా కూడా తీశారు. పత్రికలు రాశాయి, విదేశాల నుంచి వచ్చి చూశారు. మరి వాడినవాళ్లు ఏమన్నారు?

అందరూ సంబరపడలేదు. పేర్లు రాసిన సొరుగుల్లో చాలామంది వేరే సరుకులు పోసుకున్నారు. ఎవరింటి అలవాటు వాళ్లది మరి! కిందికున్న సొరుగులు చిన్నపిల్లల చేతికందేవి. పిండీ చక్కెరా నేలపాలు. ఇద్దరు కలిసి వండుకుందామంటే చోటు చాలదు. వంటగదిలోనే అందరూ కూర్చుని తినే అలవాటున్నవాళ్లు ఎలాగోలా బల్ల ఇరికించాలని చూశారు. రోమర్‌స్టాట్‌లో కరెంటు బిల్లులు చూసి గుండెలు బాదుకున్నవాళ్లూ ఉన్నారు.

1970ల తర్వాత స్త్రీవాదులు మరో ప్రశ్న వేశారు. ఒక్క మనిషే పట్టే గది గీసి, ఆ ఒక్క మనిషి ఆడదే అని ఎందుకు అనుకున్నారు? భర్తా పిల్లలూ అవతలి గదిలో, ఆమె మాత్రం ఇవతల ఒంటరిగా... అడుగులు తగ్గాయి సరే, ఒంటరితనం పెరగలేదా? ఆ మాటలో నిజముంది. లిహోట్స్కీ లెక్క వేరు. వంటింట్లో మిగిలిన ప్రతి గంటా ఆడదానికి చదువుకోడానికో, పనికెళ్లడానికో, పిల్లలతో గడపడానికో దక్కాలన్నది ఆమె ఆశ. వంటింటి పనిని గొప్ప చేయడానికి కాదు, తొందరగా వదిలించుకోడానికే దాన్ని గీసింది.

కాలక్రమంలో ఆ వంటగదులు పాతబడ్డాయి. చాలా ఇళ్లలో పీకి పారేశారు. తర్వాత విలువ తెలిసింది. న్యూయార్క్‌లోని మోమా మ్యూజియం ఫ్రాంక్‌ఫర్ట్‌లోని ఓ కాలనీ నుంచి ఒకదాన్ని సేకరించి, 2010లో ప్రదర్శనకు పెట్టింది. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోనూ ఒకటుంది.

మట్టి ఇళ్ల చోట ఉక్కునగరం

1927లో తోటి ఆర్కిటెక్టు విల్‌హెల్మ్ షూటెని పెళ్లి చేసుకుంది. మూడేళ్లకే జర్మనీలో గాలి మారింది. ఆర్థిక మాంద్యం, నాజీల బలం రెండూ పెరిగాయి. 1930లో ఎర్న్‌స్ట్ మే 17 మంది బృందంతో సోవియట్ యూనియన్‌కి బయల్దేరాడు. అందులో షూటె దంపతులూ ఉన్నారు.

ఉరల్ పర్వతాల దగ్గరున్న మాగ్నిటోగోర్స్క్‌లో ఉక్కునగరం కట్టాలి. వీళ్లు చేరేసరికి అక్కడున్నది ఓ రైల్వేస్టేషనూ మట్టి ఇళ్లూ. కొద్ది ఏళ్లలో అక్కడ రెండు లక్షల మంది ఉండాలన్నది ప్రభుత్వం లెక్క! లిహోట్స్కీకి పిల్లల భవనాల పని అప్పగించారు. శిశువిహారాలు, నర్సరీలు, వాటిల్లో పిల్లల ఎత్తుకు తగ్గ కుర్చీలు, బల్లలు, మంచాలు... తల్లుల సమయం గురించి ఆలోచించిన మనిషి పిల్లల లోకంలోకి వచ్చింది. ఆ తర్వాత జీవితాంతం ఆమెకు ఇష్టమైన పని అదే.

1937 నాటికి స్టాలిన్ అరెస్టుల భయంతో అక్కడా ఊపిరాడలేదు. దంపతులిద్దరూ బయటపడ్డారు. లండన్, పారిస్ తిరిగి 1938లో ఇస్తాంబుల్ చేరారు. అక్కడి లలిత కళల అకాడమీలో ఉద్యోగం. టర్కీ పల్లెల కోసం బడి భవనాలు కూడా గీసింది.

తిరిగి వెళ్లక్కర్లేదు... అయినా వెళ్లింది

అదే ఏడాది హిట్లర్ ఆస్ట్రియాను జర్మనీలో కలిపేసుకున్నాడు. ఇస్తాంబుల్‌లో ఆమెకు హెర్బర్ట్ ఐఖ్‌హోల్జర్ అనే ఆస్ట్రియా ఆర్కిటెక్టు పరిచయమయ్యాడు. నాజీలకు వ్యతిరేకంగా రహస్యంగా జట్టు కడుతున్నాడాయన. 1939లో లిహోట్స్కీ ఆస్ట్రియా కమ్యూనిస్టు పార్టీలో చేరింది.

1940 డిసెంబరులో ఆమె రైలెక్కి వియన్నాకు బయల్దేరింది. ఇస్తాంబుల్‌లో ఉద్యోగముంది, భర్త ఉన్నాడు, ప్రాణానికి భయం లేదు. అక్కడే ఉండిపోతే అడిగేవాళ్లెవరూ లేరు. అయినా వియన్నాలోని రహస్య బృందానికి బయటి ప్రపంచంతో సంబంధం కలపడానికి వెళ్లింది. పని ముగించుకుని తిరిగొచ్చేద్దామనే అనుకుంది. కానీ ఆ బృందంలో అప్పటికే ఓ గూఢచారి చేరిపోయాడు. 1941 జనవరి 22న వియన్నాలోని ఓ కాఫీహోటల్లో గెస్టపో పోలీసులు ఆమెను పట్టుకున్నారు. మర్నాడు ఆమె 44వ పుట్టినరోజు. ఊళ్లో అడుగుపెట్టి నెలరోజులు కూడా కాలేదు.

విచారణలో ఆమెకు మరణశిక్ష వేయాలన్నారు. 1942 సెప్టెంబరులో తీర్పొచ్చింది... పదిహేనేళ్ల కఠిన శిక్ష. ఆమెతోపాటు దొరికిన ఎర్విన్ పుష్మన్‌నీ, ఇస్తాంబుల్‌లో ఆమెకు దారి చూపిన ఐఖ్‌హోల్జర్‌నీ 1943 మొదట్లో చంపేశారు. ఆమెను బవేరియాలోని ఐఖాఖ్ మహిళా జైలుకి పంపారు. 1945 ఏప్రిల్ 29న అమెరికా సైనికులు వచ్చి తలుపులు తెరిచేదాకా అక్కడే ఉంది. నాలుగేళ్లకు పైనే!

ఆ రోజుల గురించి 1985లో ఆమె పుస్తకం రాసింది. అందులో తన గొప్ప కన్నా, తిరిగిరాని స్నేహితుల గురించే ఎక్కువ చెప్పింది.

సొంతూరు పని ఇవ్వలేదు

యుద్ధం ముగిసింది. బల్గేరియాలో కొన్నాళ్లు పనిచేసి 1947లో వియన్నా చేరుకుంది. బాంబులకు కూలిన నగరం. వేల ఇళ్లు కట్టాలి. ఆ పని ఆమె కన్నా తెలిసినవాళ్లు ఎవరున్నారు? కానీ ఆమె కమ్యూనిస్టు. ప్రచ్ఛన్నయుద్ధం రోజులు. ప్రభుత్వం పని చేతికివ్వలేదు. నాజీల మీద పోరాడిందన్న గౌరవమూ దక్కలేదు.

అరకొరగా వచ్చినవాటిలో రెండు శిశువిహారాలున్నాయి. ఒకటి 1950ల మొదట్లో కపౌన్‌ప్లాట్జ్‌లో, మరోటి 1960ల మొదట్లో రిన్‌బోక్‌స్ట్రాసెలో కట్టింది. కపౌన్‌ప్లాట్జ్ భవనం శిలువ ఆకారంలో ఉంటుంది. ఒక్కో బృందానికి ఒక్కో గది, ఆ గదికి తనదైన ఆటస్థలం. ఎక్కడ కావాలంటే అక్కడ ముక్కలు కలిపి కట్టుకునే శిశువిహారం నమూనా కూడా 1960ల్లో తయారుచేసింది. అది కాగితం మీదే ఉండిపోయింది. క్యూబా, తూర్పు జర్మనీ సలహాల కోసం పిలిచాయి... సొంతూరు తప్ప.

గౌరవాలు వచ్చాయి కానీ ఆలస్యంగా. 1980లో వియన్నా నగరం ఆర్కిటెక్చర్ అవార్డు ఇచ్చింది. 1988లో దేశం ఇచ్చే పెద్ద పురస్కారం ప్రకటిస్తే ఆమె తీసుకోనంది. అప్పటి అధ్యక్షుడు కుర్ట్ వాల్డ్‌హైమ్. యుద్ధకాలంలో ఆయన పాత్ర మీద అనుమానాలుండేవి. ఆయన చేతుల మీదుగా అందుకోడానికి ఆమెకు మనసొప్పలేదు. ఆయన దిగిపోయాక, 1992లో తీసుకుంది.

ఫ్రాన్‌జెన్స్‌గాసె, నంబరు 16

వియన్నాలో నాష్‌మార్క్ట్ అని పెద్ద సంత ఉంది. కూరగాయలు, మసాలాలు, చీజ్, చేపలు... పొద్దున్నే సందడిగా ఉంటుంది. అక్కడికి దగ్గర్లోనే ఫ్రాన్‌జెన్స్‌గాసె అనే మామూలు వీధి. 16వ నంబరు భవనంలో చిన్న ఫ్లాటు, దానికో టెర్రస్. తన కోసం తాను గీసుకున్న ఇల్లది. 1970 ప్రాంతం నుంచీ చివరి దాకా అందులోనే ఉంది. పుట్టిన మార్గరెటెన్ పేటలోకే వస్తుందా వీధి!

పెద్దతనంలో ఎవరొచ్చినా వంటగది గురించే అడిగేవాళ్లు. విసుగెత్తి, అందరూ దాని గురించే మాట్లాడతారని ముందే తెలిస్తే ఆ పాడు వంటగదిని గీసేదాన్నే కాదందట. 1997లో నూరో పుట్టినరోజున వియన్నా మేయరుతో కలిసి కాసేపు వాల్ట్జ్ నృత్యం చేసింది. ఒక్కసారైనా ఓ డబ్బున్నవాడికి ఇల్లు గీసే అవకాశం వస్తే సరదాగా ఉండేదని చమత్కరించింది. నిజమే... గీసినవన్నీ అద్దెకుండేవాళ్లకీ, పసిపిల్లలకీ, కార్మికులకీ!

2000 జనవరి 18న, 103వ పుట్టినరోజుకి అయిదు రోజుల ముందు కన్నుమూసింది. ఆమె ఉన్న ఫ్లాటును తర్వాత రక్షిత కట్టడంగా గుర్తించి, మరమ్మతులు చేసి, ఆమె పేరిట కేంద్రంగా మార్చారు. అక్కడికొచ్చినవాళ్లకు వంటగది కథతోపాటు జైలు కథ, శిశువిహారాల కథ కూడా చెబుతారు. ఆమె కోరుకున్నదీ అదే.

వెళ్లాలనుకుంటే...

వియన్నాలో మాక్ మ్యూజియానికి యు-3 మెట్రోలో స్టూబెన్‌టోర్ స్టేషన్‌లో దిగాలి. సోమవారం సెలవు. ఫ్రాన్‌జెన్స్‌గాసెకి యు-4లో కెట్టెన్‌బ్రూకెన్‌గాసె స్టేషన్ దగ్గర. నాష్‌మార్క్ట్ కూడా అక్కడే కాబట్టి రెండూ ఒకే పూటలో చూసుకోవచ్చు. ఫ్లాటులోకి వెళ్లే వేళలు ముందుగా కనుక్కుని వెళ్లడం మంచిది.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో నగరం మధ్య నుంచి యు-1 ఎక్కితే రోమర్‌స్టాట్‌లో దిగొచ్చు. ఎర్న్‌స్ట్ మే హౌస్ ‘ఇమ్ బుర్గ్‌ఫెల్డ్’ వీధిలో 136వ నంబరు. ఇదీ రోజంతా తెరిచి ఉండదు, వేళలు చూసుకోవాలి. కాలనీ వీధుల్లో మాత్రం ఎప్పుడైనా తిరగొచ్చు. అవి జనం కాపురముంటున్న ఇళ్లు కాబట్టి కిటికీల్లోకి తొంగిచూడకుండా ఉంటే చాలు!